2025 ఫ్యాషన్ సాదాగా ఉందా, ఆర్భాటంగా ఉందా?

మీరు అడిగింది ఇది: 2023లో అందరూ క్వైట్ లగ్జరీ (లోగోలు, హంగులు లేని ఖరీదైన సాదా బట్టలు) అంటుంటే విని రెండు క్రీమ్ రంగు స్వెటర్లు, ఒక బూడిదరంగు ఉన్ని ప్యాంటు, లోగో లేని బ్యాగు కొనుక్కున్నారు. 2025లో ఎక్కడ చూసినా లేసులు, చిరుత మచ్చల ప్రింట్లు, వేలాడే కుచ్చులు. ఇంతకీ 2025ను మినిమలిస్ట్, అంటే సాదా ఏడాది అనాలా, ఆర్భాటపు ఏడాది అనాలా? మీరు కొన్నవన్నీ ఇక బీరువా అడుక్కి వెళ్లిపోవాల్సిందేనా? 2026 సంగతేమిటి?

సూటిగా చెప్తాను. 2025 ఆర్భాటం వైపే ఒరిగింది. కానీ ఆ ఆర్భాటమంతా బట్ట పైపొర మీదే ఉంది, కటింగ్‌లోకి ఇంకా పూర్తిగా దిగలేదు. ఈ తేడా పట్టుకుంటే మీ రెండో ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. పదమూడేళ్లు శాంపిల్ రూమ్‌లో, అంటే కొత్త డిజైన్‌ను మొదట కుట్టి చూసే చోట, ప్యాటర్న్‌లు (బట్ట కత్తిరించడానికి వాడే నమూనాలు) గీశాను, గత తొమ్మిదేళ్లుగా స్టోర్ల కోసం బట్టలు ఎంపిక చేసే పనిలో ఉన్నాను. రెండు చోట్లా ఏటా ఇదే ప్రశ్న మా ముందుకు వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు "2025 ఫ్యాషన్" అంటే ఏ బట్టలో తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే తికమకపడతారు. 2025 వేసవి బట్టలు 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ర్యాంపుల మీద నడిచాయి. చలికాలం బట్టలు 2025 ఫిబ్రవరి, మార్చిలో వచ్చాయి. అదే 2025 సెప్టెంబరు, అక్టోబరులో మీరు ఫోన్‌లో చూసిన షోలు 2026 వేసవివి. పారిస్ ఫ్యాషన్ సంస్థ షానెల్‌కు కొత్త డిజైనర్ మాథ్యూ బ్లేజీ చేసిన మొదటి షో, మరో సంస్థ డియోర్‌లో కొత్త డిజైనర్ జోనాథన్ ఆండర్సన్ మొదటిసారి చూపించిన ఆడవాళ్ల బట్టలు, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. వాటిని చూసి 2025 ఎటు పోతోందో చెప్పేవాళ్లు నిజానికి 2026 గురించి మాట్లాడుతున్నారు. ఇక దారాలు, రంగులు తయారుచేసేవాళ్లు ఇంకా ముందుంటారు. ఒక రంగు మీ దాకా వచ్చేసరికి దాన్ని ఎంచుకుని దాదాపు రెండేళ్లవుతుంది.

ఇక ఏడాది ఎటు మొగ్గిందో నేను చూసే పద్ధతి చెప్తాను. నాలుగు చోట్ల చూస్తాను: బట్ట ఆకారం, రంగు, బట్ట పైపొర, దాని మీద తగిలించుకునేవి. ఈ నాలుగూ ఒకేసారి గట్టిగా అరిచిన ఏడాది, నాలుగూ ఒకేసారి మౌనంగా ఉన్న ఏడాది చాలా అరుదు. ఒకటి గొంతు పెంచితే ఇంకోటి తగ్గుతుంది. అందుకే "మినిమలిస్టా కాదా" అని మొత్తాన్ని ఒకే గాటన కడితే ఎప్పుడూ సగమే నిజమవుతుంది.

2023నే తీసుకోండి. ఆ ఏడాది మార్చిలో హాలీవుడ్ నటి గ్వినెత్ పాల్ట్రో ఒక స్కీయింగ్ ప్రమాదం కేసులో కోర్టుకు వెళ్లినప్పుడు వేసుకున్న సాదా స్వెటర్లు, కోట్ల గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. క్వైట్ లగ్జరీ అన్న మాట అందరి నోళ్లలో పడింది. కానీ అదే ఏడాది జనవరిలో స్కియాపరెల్లీ సంస్థ హాట్ కూచర్ (కొలతలిచ్చి చేత్తో కుట్టించుకునే ఖరీదైన బట్టలు) షోలో బట్టల మీద అసలు సైజు సింహం తల, తోడేలు తల తయారుచేసి తగిలించారు. ఏటా ఒక రంగును ఆ ఏడాది రంగుగా ప్రకటించే ప్యాంటోన్ సంస్థ 2023కు ఎంచుకున్న రంగు వివా మజెంటా, అంటే కళ్లు జిగేల్‌మనే ఎర్రటి గులాబీ రంగు. సాదా ఏడాది అని మనం గుర్తుపెట్టుకున్న ఏడాదికి ఉన్న అధికారిక రంగు అది! 2025కు వచ్చేసరికి సరిగ్గా తిరగబడింది. బట్టల మీద లేసు, స్వేడ్ (నూగు లాంటి మెత్తటి తోలు), కుచ్చులు, చుక్కలు, జంతువుల మచ్చలు. ప్యాంటోన్ ఎంచుకున్నది మాత్రం మోకా మూస్, నెమ్మదైన గోధుమరంగు. 2026కు క్లౌడ్ డాన్సర్ అనే తెలుపును ప్రకటించారు. రంగు చల్లబడుతుంటే పైపొర వేడెక్కుతోందని నాకు అనిపిస్తోంది.

ఈ మలుపు ఎందుకు వచ్చిందో చెప్పాలంటే వ్యాపారం వైపు నుంచి చెప్పాలి. ఫ్యాషన్ మారిందంటే జనం మూడ్ మారిందనీ, ఆర్థిక పరిస్థితి మారిందనీ చాలామంది రాస్తారు. మంచి రోజుల్లో బట్టల్లో ఆర్భాటం పెరుగుతుంది, కష్టకాలంలో తగ్గుతుంది అన్న మాట మీరూ వినే ఉంటారు. నేను దాన్ని నమ్మను. నమ్మకపోవడానికి ఒక్క 1947 చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 జూన్‌లో బ్రిటన్ బట్టలకు రేషన్ పెట్టింది. జేబులెన్ని, గుండీలెన్ని, మడతలెన్ని అన్నదానికి కూడా లెక్క ఉండేది. అంటే ఆ నిరాడంబరత ఎవరూ ఇష్టపడి ఎంచుకున్నది కాదు, చట్టం చేయించింది. ఆ రేషన్ 1949 దాకా ఎత్తేయలేదు. ఈ మధ్యలోనే, 1947 ఫిబ్రవరి 12న, క్రిస్టియన్ డియోర్ పారిస్‌లో మీటర్లకు మీటర్లు బట్ట పట్టే లంగాలు, సన్నటి నడుము, గుండ్రటి భుజాలు చూపించాడు. యూరప్ చలికి వణుకుతూ, బొగ్గు దొరక్క అల్లాడుతున్న శీతాకాలం అది. ఆర్థిక పరిస్థితే బట్టను నడిపిస్తే ఆ లంగాలు ఆ ఏడాది పుట్టకూడదు. డియోర్ సంస్థకు పెట్టుబడి పెట్టిన మార్సెల్ బూసాక్ నూలు బట్టల మిల్లుల యజమాని అన్న సంగతి నేనెప్పుడూ మర్చిపోను. లంగాకు ఎక్కువ బట్ట పడితే ఎవరికి మేలో వేరే చెప్పక్కర్లేదు. డియోర్ గొప్పతనం దానివల్ల ఇసుమంత కూడా తగ్గదు. కానీ ఆ కథలో బట్ట అమ్మేవాడు ఉన్నాడని తెలియకపోతే కథ సగమే తెలిసినట్టు.

ఇంకో ఉదాహరణ దీనికి ఎదురు దిశలో పోతుంది. 1987 జులైలో ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ లాక్రువా తన పేరుతో మొదటి షో చేశాడు. బుడగల్లా ఉబ్బిన లంగాలు, ఒకదాని మీద ఒకటి మెరిసే రంగులు. అదే ఏడాది అక్టోబరు 19న స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ తర్వాత కొన్నేళ్లకు హెల్ముట్ లాంగ్, జిల్ సాండర్, కాల్విన్ క్లైన్ అనే డిజైనర్ల సాదా బట్టల కాలం వచ్చింది. చూశారా, ఇక్కడ ఆర్థిక కారణం సరిపోయినట్టే ఉంది. 1947లో సరిపోలేదు, 1987లో సరిపోయింది. ఒకసారి సరిపోయి ఇంకోసారి సరిపోని సూత్రం పట్టుకుని రేపటి సరుకు కొనలేం కదా.

దీనికంటే నాకు బాగా ఉపయోగపడింది క్రోబర్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు మానవశాస్త్ర పరిశోధకులు 1940లో ప్రచురించిన లెక్క. వాళ్లు 1605 నుంచి 1936 దాకా దొరికిన ఫ్యాషన్ చిత్రాలు తీసుకుని ఆడవాళ్ల గౌన్ల పొడవు, వెడల్పు, నడుము ఎత్తు కొలిచారు. తేలిందేమిటంటే, లంగా వెడల్పు లాంటివి ఏడాదికేడాది ఊగిసలాడవు, దాదాపు వందేళ్ల పెద్ద అలలుగా నెమ్మదిగా కదులుతాయి. ఇంకో మాట కూడా తేలింది. సమాజం అల్లకల్లోలంగా ఉన్న కాలాల్లో, ఒకే సమయంలో గౌన్లకూ గౌన్లకూ మధ్య తేడాలు ఎక్కువయ్యాయి. అంటే గందరగోళం ఉన్నప్పుడు ఫ్యాషన్ అటో ఇటో పోదు, అన్ని వైపులకూ చెదురుతుంది. ఇప్పుడు ఒకే వీధిలో బీజ్ రంగు కోటు, పూసల జాకెట్టు పక్కపక్కన నడుస్తుంటే నాకు గుర్తొచ్చేది ఈ మాటే.

వ్యాపారం వైపు నుంచి అన్నాను కదా. నా అనుభవమే చెప్తాను. 2023లో మేం తెప్పించిన సాదా స్వెటర్లు అనుకున్నదానికంటే ముందే అయిపోయాయి. ఆ ఊపులో 2024 చలికాలానికి అవే రంగులు, అదే అల్లిక, అంతకు రెట్టింపు పెట్టించాను. అవి కదల్లేదు. కొనడానికి వచ్చినవాళ్లు చేత్తో తడిమి చూసి, "ఇలాంటిది నా దగ్గర ఉందండీ" అని మళ్లీ మడిచి పెట్టేశారు. నాకు అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. మంచి సాదా స్వెటరు ఐదేళ్లు ఉంటుంది, పాతబడినట్టు కనిపించదు, రెండోది కొనాల్సిన అవసరం రాదు. అది కొన్నవాళ్లకు వరం, అమ్మేవాళ్లకు సమస్య. లేసు, కుచ్చు, చిరుత మచ్చ వచ్చిన తేదీ ముఖం మీదే రాసి ఉంటుంది కాబట్టి ఏడాదికే పాతదవుతుంది. కొత్తొక వింత పాతొక రోత అన్న సామెత అమ్మకాల మీటింగుల్లో లెక్కలుగా మారి కనిపిస్తుంది. సాదా కాలం రెండు మూడేళ్లకే అలసిపోవడానికి నాకు తెలిసినంతలో మొదటి కారణం ఇదే.

రెండో కారణం డిజైనర్ల మార్పులు. ఒక పెద్ద సంస్థకు కొత్త డిజైనర్ వస్తే మార్పు మొదటి షోలోనే దూరం నుంచి కనపడాలి. గూచీనే చూడండి. 2015 జనవరిలో అలెస్సాండ్రో మికెలే వచ్చి పూలు, ఎంబ్రాయిడరీ, కళ్లద్దాలు, రిబ్బన్లు, అన్నీ కలిపి కుమ్మరించాడు. 2022 నవంబరులో ఆయన వెళ్లిపోయాక వచ్చిన సబాతో దె సార్నో 2023 సెప్టెంబరులో చూపించినవి శుభ్రమైన పొట్టి కోట్లు, తేలికైన గీతలు. 2025 ఫిబ్రవరిలో ఆయనా వెళ్లిపోయాడు, తర్వాత ఆ పని డెమ్నా అనే డిజైనర్ చేతికొచ్చింది. మికెలే ఈలోగా 2024లో వాలెంటీనో సంస్థకు చేరి తన లేసులు, కుచ్చులు అక్కడికి తీసుకెళ్లాడు. 2024 ఫిబ్రవరిలో డిజైనర్ షెమెనా కమాలి క్లోయె సంస్థలో చేసిన మొదటి షోతో గాలికి ఎగిరే పలుచటి ఫ్రిల్స్ జాకెట్లు మళ్లీ అందరి కంటా పడ్డాయి. 2025లో మీరు చూసిన బోహో (వదులుగా, ఫ్రిల్స్, కుచ్చులతో ఉండే తరహా) అంతా చాలావరకు అక్కడి నుంచి పారిన నీళ్లే.

ఇప్పుడు మీరు నేరుగా అడగకపోయినా మీ ప్రశ్న అడుగున ఉన్న మాటకు వస్తాను. మినిమలిజం అంటే తక్కువ పని, ఆర్భాటం అంటే ఎక్కువ పని అని చాలామంది అనుకుంటారు. శాంపిల్ రూమ్‌లో కూర్చున్న ఎవరినైనా అడగండి, ఒప్పుకోరు.

ఒక నల్ల ఉన్ని కోటు చెప్తాను. గుండీలు కనపడవు, జేబులు పక్క కుట్టులో కలిసిపోయాయి, కాలరు లేదు. ఆ కోటు మూడో శాంపిల్ వచ్చినప్పుడు బొమ్మకు తొడిగి చూస్తే ఎడమ భుజం దగ్గర చిన్న నీడ కనిపించింది. ముడత కూడా కాదు, ఉత్త నీడ. కుట్టు విప్పి కొలిస్తే చేతి పై గుండ్రంలో సర్దాల్సిన అదనపు బట్ట ఒక చోట మూడు మిల్లీమీటర్లు ఎక్కువ గుమిగూడింది. మళ్లీ ప్యాటర్న్ గీసి, మళ్లీ కత్తిరించి, మళ్లీ ఆవిరితో ఆ ఉన్నిని కుదించి చేతిని కూర్చాం. ఆ వారమే మేం చేసిన ఫ్రిల్స్ జాకెట్టులో అంతకంటే పెద్ద తప్పు ఒకటి దొర్లింది, మెడ దగ్గర అర సెంటీమీటరు వంకర. దాని మీద ఇంకో వరస ఫ్రిల్ పడేసరికి అది ఎవరి కంటా పడలేదు. అలంకారానికి దాచిపెట్టే గుణం ఉంది. సాదా బట్టకు దాక్కోవడానికి చోటు లేదు.

1996లో జాన్ ఎఫ్. కెనడీ జూనియర్‌తో కారొలిన్ బెసెట్ పెళ్లికి డిజైనర్ నార్సీసో రోడ్రీగెజ్ తయారుచేసిన గౌను గుర్తుందా? సిల్క్ క్రేప్, క్రాస్ కటింగ్, మీద ఏ పనీ లేదు. చూస్తే పది నిమిషాల్లో కుట్టేయొచ్చనిపిస్తుంది. క్రాస్‌లో కత్తిరించిన బట్ట నేత పోగులకు నలభై ఐదు డిగ్రీల వాలుగా ఉంటుంది, దాని బరువుకు అదే సాగుతుంది. అందుకే అంచు కుట్టే ముందు దాన్ని కనీసం ఒక రాత్రి వేలాడదీస్తాం, ఒక్కో వైపు ఒక్కోలా దిగుతుంది, అప్పుడు నేల నుంచి కొలిచి అంచు సరిచేస్తాం. ఫ్రెంచ్ డిజైనర్ మడ్లెన్ వియోనే 1920ల్లో ఈ పద్ధతిని ఎంత దూరం తీసుకెళ్లిందో చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. సాదాగా కనిపించే ఒంటి పొర గౌను వెనుక అంత లెక్క ఉంటుంది.

అలాగని పూసల పనిని తక్కువ చేస్తే పాపం. పారిస్‌లో 1924 నుంచి ఉన్న లెసాజ్ లాంటి ఎంబ్రాయిడరీ శాలల పని దగ్గరగా చూస్తే, ఒక్కో పూస ఎటు వాలాలో కూడా ఆలోచించి కుట్టినట్టు తెలుస్తుంది. 2002లో షానెల్ ఆ శాలను కొన్నది కూడా ఆ చేతి పని మాయమైపోకూడదనే. నేను అభ్యంతరం చెప్పేది పైన పటారం, లోన లొటారం సరుకుకే. 2025లో ఆర్భాటం వైపు గాలి తిరగగానే అది కుప్పలు తెప్పలుగా వచ్చింది.

కాబట్టి పూసల జాకెట్టు కొంటే లోపలి వైపు తిప్పి చూడండి. పూసలు చాలావరకు కొక్కెం సూదితో గొలుసు కుట్టులో పడతాయి. గొలుసు కుట్టులో ఒక్కచోట దారం తెగితే వరుస వరుసంతా రాలిపోగలదు. దారం చివర్లు ముడి వేసి ఉన్నాయా, అస్తరు ఆ కుట్టును కప్పుతోందా, ఈ రెండూ చూడండి. సాదా టీషర్టు కొంటే పక్క కుట్లు చూడండి. ఒక్క ఉతుకుకే పక్క కుట్టు పొట్ట మీదికి తిరిగి వచ్చిన టీషర్టు అందరి దగ్గరా ఒకటి ఉంటుంది. నూలు పోగులో మిగిలిపోయిన మెలి, ఉతికినప్పుడు సడలి అల్లికను పక్కకు లాగేయడం వల్ల అలా అవుతుంది. కొనే ముందే మడిచి పట్టుకుని కుట్టు నిటారుగా ఉందో లేదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మీ బీరువా సంగతికి వస్తాను. ఆ బూడిదరంగు ప్యాంటును అస్సలు వదలకండి. 2025లో ఆకారాలు ఇంకా వదులుగానే ఉన్నాయి, ప్యాంట్ల గీత 2023 నాటికి దగ్గర్లోనే ఉంది, కాబట్టి అది పాతబడలేదు. క్రీమ్ స్వెటర్లు రెండూ ఉంచండి. మోచేతుల దగ్గర, చంకల్లో ఉన్ని ఉండలు కట్టి ఉంటే స్వెటర్లు తోమే చిన్న దువ్వెనతో ఒకే దిశలో తీసేయండి, బ్లేడు పెట్టకండి. మీకు మనసైతే 2025 గాలిలో నుంచి ఒక్కటే తీసుకోండి, అదీ పైపొర ఉన్నది. ఒక స్వేడ్ జాకెట్టు, లేదా లేసు పైబట్ట. రెండూ ఒకే రోజు వద్దు. స్వేడ్ అయితే గోధుమరంగుదే తీసుకోండి, మీ దగ్గరున్న క్రీమ్, బూడిద రెండింటికీ అతుకుతుంది, మోకా మూస్ హడావుడి పోయాక కూడా గోధుమరంగు తోలు గోధుమరంగు తోలుగానే ఉంటుంది. చిరుత మచ్చల మీద మీకు నిజంగా ఇష్టం ఉంటే బెల్టో, చెప్పులో కొనండి. కోటు మాత్రం వద్దు. ఆ ప్రింటు ఇరవయ్యో శతాబ్దంలో ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కలేదు. అందుకే చిన్న వస్తువైతే దాచుకుని మళ్లీ తీయొచ్చు.

2026 గురించి కూడా అడిగారు. 2025 అక్టోబరు షోల్లో ఆర్భాటం పెరిగిందా తగ్గిందా అని చూడటం కంటే, భుజం, నడుము ఎలా ఉన్నాయో చూడండి. ఆకారం కూడా మారడం మొదలైతే, అంటే నడుము బిగిసి లంగా ఉబ్బడమో, భుజాలు పెరగడమో షాపుల దాకా వస్తే, అప్పుడు మీ 2023 ప్యాంటు కూడా పాతదిగా కనిపిస్తుంది. 2025లో అది ఇంకా ర్యాంపు మీదే ఉంది. ఆ మార్పు షాపుల దాకా వచ్చాక మళ్లీ అడగండి, అప్పుడు ఇంకాస్త ధీమాగా చెప్పగలను. అప్పటి దాకా ఉన్ని ప్యాంటు కొత్తది కొనకండి.